తిత్తులు తొక్కే కీలియన్ పాట

సాక్సనీ కొండల్లోని ఆ వెండిగనికి ఊపిరి కీలియన్ కాళ్లలో ఉండేది. గని నోటి దగ్గర చెక్కపాకలో ఎద్దంతేసి తోలుతిత్తులు రెండు. కుడికాలితో ఒకటి, ఎడమకాలితో ఒకటి తొక్కుతుంటే గాలి చెక్కగొట్టంలో పడి అడుగున తవ్వేవాళ్ల దాకా పోయేది. పాట లేకపోతే అతనికి కాలు ఆడదు. గొంతు చూస్తే తుప్పుపట్టిన తలుపు. గాలితోపాటు అదీ గొట్టంలోకి దిగేది.

ఓసారి అడుగున మేస్త్రీ యోబ్స్ట్ భరించలేక గొట్టంలో తన టోపీ కుక్కాడు. కాసేపటికి దీపాలు కొడిగట్టాయి. అందరూ దగ్గుకుంటూ పైకి ఎగబాకారు.

"ఒరేయ్ కీలియన్, నోరు మూసుకుని తొక్కలేవురా?"

"నోరు మూస్తే కాళ్లు నిద్రపోతాయి మావా. గాలి కావాలంటే పాటా పుచ్చుకోవాల్సిందే."

"అయితే తొందరగా అయ్యేదైనా పాడి చావు!"

అలా 'పీపాను పెళ్లాడిన పిల్ల' అనే కల్లుపాక పాట ఖాయమైంది. పాట పరుగు, కాళ్లు పరుగు, కింద గాలే గాలి.

ఇంతలో ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరు మెల్కియోర్ గనిని దీవించడానికి వచ్చాడు. పాట విని మండిపడ్డాడు.

"ఏమిటా బూతులు? కీర్తన పాడు!"

"చిత్తం అయ్యగారూ" అన్నాడు కీలియన్.

పాస్టరు నిచ్చెనలు దిగి ప్రసంగం మొదలెట్టాడు. పైన కీర్తన నిండుచూలాలి నడకలా సాగుతోంది. చరణానికో తొక్కు. ప్రసంగం సగంలో దీపాలు ఎర్రబడ్డాయి, పాస్టరు మొహం అంతకన్నా ఎర్రబడింది. ఆయాసపడుతూ గొట్టం దగ్గరికి పోయి అరిచాడు.

"నాయనా! ఇందాకటిది... అదే అందుకో!"

"ఏదండీ? పేరు చెబుదురూ, నాకు మతిమరుపు."

యోబ్స్ట్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

"పీపాను... పెళ్లాడిన... పిల్ల!" అన్నాడు పాస్టరు.

పాట ఉరికింది. దీపాలు తేరుకున్నాయి. గుండెనిండా గాలి పీల్చుకుని ఆయన ప్రసంగం రెండు ముక్కల్లో ముగించాడు. ఆ తర్వాత పాట సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఏళ్లు గడిచి కీలియన్ మోకాళ్లు అరిగాయి. కూతురు ఆగ్నెస్ తిత్తులెక్కింది. ఆమెకు పాట అక్కర్లేదు, చక్కగా తొక్కేది. గనివాళ్లు హమ్మయ్య అనుకున్నారు. మర్నాటి పొద్దున్నే కీలియన్ కర్ర పొడుచుకుంటూ వచ్చి, కూతురి పక్కన పీట వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.