ఉల్లిపొట్టు రంగు చీరలో అక్క తాండూరు ప్రయాణం

వికారాబాద్ కొండ చూసుకుని అటునుంచి తాండూరు వెళ్లాలనుకునేవాళ్లు నన్ను దారి అడుగుతుంటారు. నాకు బాగా గుర్తున్న దారి యాభైల చివరినాటిది. నేను హైదరాబాదులో రసాయనశాస్త్రం చదువుతున్నాను. కొండ మీది క్షయ ఆసుపత్రిలో రెండేళ్లుగా ఉన్న మా సుగుణక్కకు నయమైందని, వచ్చి తీసుకుపొమ్మని కబురొచ్చింది. బావ పని మీద షోలాపూర్ వెళ్లాడు, అందుకని అక్కను తాండూరులో అత్తగారింటికి చేర్చడం నా వంతయింది. నాలుగేళ్ల కూతురు చిట్టి అక్కడే నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. అక్కను బిడ్డను ముట్టుకోనిస్తారా అన్నదే మా ఇంటిల్లిపాది దిగులు. ఆసుపత్రి బట్టలేవీ గడప దాటి రాకూడదని అత్తగారు ముందే చెప్పి పంపింది, నేను కొత్త చీర కొన్నాను.

పొద్దున్నే ప్యాసింజరెక్కితే ఎండ ముదరకముందే వికారాబాద్‌లో దిగొచ్చు. స్టేషన్ బయటి నుంచి కొండకు జట్కా ముప్పావలా. ఎత్తు మొదలైన చోట దిగి నడవాలి, గుర్రం మీద జాలితో కాదు, అది ఆగిపోతుంది గనుక. నా మొహం చూసి జట్కా సాయిబు, "ఫికర్ చెయ్యకు తమ్మీ. ఏడ్సుకుంట ఎక్కినోళ్లు నవ్వుకుంట దిగంగ మస్తుమందిని జూసిన" అన్నాడు.

ఆసుపత్రిలో అక్క వంటింటి అరుగు మీద, వంటామె మరియమ్మ పక్కన కూర్చుని ఉంది. బుగ్గలు నిండాయి. నేను గర్వంగా చీర విప్పాను. క్రిముల భయంతో అత్తగారు ఎంత ఉడకేసినా రంగు పోని చీర కావాలని తెలివిగా ఆలోచించి, అసలు రంగే లేని చీర కొన్నాను. మరియమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

"అకల్ ఉన్నదా తమ్మీ, బుద్ధి లేదా? మొగడున్న పిల్ల తెల్లచీర కట్టుకొని అత్తగారింటికి పోతదా?"

చదవేస్తే ఉన్న మతి పోయిందని అక్క పడీపడీ నవ్వింది. ఆ నవ్వు విని రెండేళ్లయింది. మరియమ్మ పసుపులో ముంచుదామంది. పసుపు ఎండకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పొయ్యి పక్కన తట్ట నిండా ఉల్లిపొట్టు కనబడింది, వానాకాలం నీళ్లు తేర్చే పటిక కూడా ఉంది. మరియమ్మ ఇనుప కడాయి తీస్తుంటే వద్దన్నాను, ఇనుము కలిస్తే రంగు నల్లబడుతుంది. సత్తు గిన్నెలో పొట్టు మరిగించి, వడగట్టి, పటిక కలిపి చీర నానేశాం. పటికే ఆ రంగును నూలుకు పట్టి ఉంచుతుంది. గాలికి ఆరేసరికి చీర లేత బంగారు రంగు తేలింది. కట్టుకుని అక్క కుచ్చిళ్లు పదేపదే సర్దుకుంటుంటే నాకు కళ్లు చెమర్చాయి.

సాయంత్రం బండిలో ధారూర్ దాటాక అక్క అడిగింది, "గీ ఉల్లిపొట్టు మందా తమ్మీ? డాక్టర్ సాబ్ గూడ ఉల్లిగడ్డ, ఆకుకూర బాగ తినమన్నడు."

ఉల్లిపొట్టులో ఉన్నది ఫ్లేవనాల్ అనే జాతి పదార్థమనీ, మొక్క తీవ్రమైన ఎండ నుంచి కాచుకోవడానికి పైపొరల్లో, ఆకుల్లో దాన్ని ఎక్కువగా చేసుకుంటుందనీ చెప్పాను. సన్న రక్తనాళాలు బలపడతాయని ఆ జాతి బిళ్లలు అప్పట్లో ఇచ్చేవారు. అంత గట్టి రుజువు దొరకలేదని తర్వాత చదివాను. తిన్నాక ఒళ్లు దాన్ని వేరే రూపాల్లోకి మార్చేస్తుంది, అందుకే ప్రయోగశాల గాజుగొట్టంలో చేసిన పనంతా మనిషిలోనూ చేస్తుందని నమ్మడానికి లేదు. కూరగా తింటే మంచిదే. అక్కను బతికించినవి మాత్రం క్షయకిచ్చిన సూదిమందూ బిళ్లలూ.

"బిడ్డను ఎత్తుకోవచ్చని డాక్టర్ అన్నడు. అత్తమ్మ ఏమంటదో," అని అక్క కిటికీ వైపు తిరిగింది.

తాండూరులో దీపాలు పెట్టే వేళకు దిగాం. ఇంటిముందు పరచిన నాపరాళ్ల మీద అక్క ఆగిపోయింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది, రమ్మనలేదు. చిట్టి ఆమె వెనక నుంచి వచ్చి, ఎవరో కొత్తమనిషి అన్నట్టు అక్క చుట్టూ తిరిగి చీర వాసన చూసింది.

"ఉల్లిగడ్డ వాసనొస్తున్నది. నువ్వు వంట జేస్తవా? నాకు ఆకలైతున్నది, అన్నం పెడ్తవా?"

అక్క రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుని గుమ్మం పక్కకు జరిగింది. "ఏం జూస్తున్నవ్ సుగుణా? కాళ్లు కడుక్కొని లోపటికి రా. బిడ్డకు నీ చేత్తోనే కలిపి పెట్టు."

చీర రంగు పెద్దామె మనసు మార్చిందని నేను చెప్పను. రెండేళ్లు ఆ పిల్లను కళ్లలో పెట్టుకుని పెంచిన మనిషి, భయపడే హక్కు ఆమెకుంది. కానీ భయం ఎంతున్నా, ఆకలన్న పిల్లను తల్లి చేతి ముద్దకు దూరం చేయడం ఆమెకు చేతకాలేదు. అందుకే మీకు నేనిచ్చే సలహా ఒక్కటే. ఆసుపత్రి నుంచి ఎవరినైనా ఇంటికి తీసుకెళ్తుంటే, సరిగ్గా అన్నాల వేళకు చేర్చే బండి చూసుకుని ఎక్కండి.