గొంతు తడపనియ్యని మనిషి

కొత్తవాడలో లక్ష్మీనర్సమ్మకు రాతిగుండె అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లెవరూ ఆమె మొగుడి మంచం దగ్గర ఒక్క పూట కూర్చోలేదు. పక్కింటిదాన్ని కాబట్టి నాకు తెలుసు.

పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఆమె భర్త వెంకట్రాజం జంపకానా నేస్తూ నేస్తూ మగ్గం మీదే ఒరిగిపోయాడు. బీపీ ఉందని తెలిసీ మందు మింగేవాడు కాదు, బీడీ మాత్రం ఆరనిచ్చేవాడు కాదు. పక్షవాతమంటే ఒక కాలు, ఒక చెయ్యి, వంకరపోయిన మూతి అనుకునేవాళ్లం. ఈయనకు కాళ్లూ చేతులూ మాటా అన్నీ పోయాయి. కళ్లు మాత్రం పైకీ కిందికీ కదిలేవి. హైదరాబాద్ తీసుకుపోయి తలకాయ ఫోటో తీయిస్తే మెదడంతా బాగానే ఉంది, అడుగున మాత్రం పెసరగింజంత మచ్చ.

“ఇంత మచ్చకే ఇంత మనిషి పడిపోతడా సారూ?” అని లక్ష్మీనర్సమ్మ అడిగిందట.

“పైన పెద్ద మచ్చ పడ్డోళ్లు గూడ లేచి నడుస్తున్నరమ్మా. ఇది మెదడు కాడల పడ్డది. నరాలన్నీ అండ్లకెల్లే పోతయి. తెలివి మాత్రం పూర్తిగ ఉంది, మీ మాటలన్నీ ఇంటడు. మింగుడు లేదు. నోట్లె చుక్క నీళ్లు పోసినా ఊపిరితిత్తులల్లకు పోతయి, పానం మీదికొస్తది,” అన్నాడు డాక్టరు.

ఇంటికి తెచ్చాక ముక్కు గొట్టంలో గంజి పోసేది. కళ్లు పైకెత్తితే ఔను, దించితే కాదు అని మొగుడూ పెళ్లాం ఒప్పందం చేసుకున్నారు. బాధల్లా చూడవచ్చినవాళ్లతోనే. పోయేవాడి గొంతులో తలా ఇన్ని నీళ్లు పొయ్యడం మనవాళ్లు చివరిగా తీర్చుకునే రుణం. చెంబుతో వచ్చిన ప్రతివాళ్లకూ ఆమె అడ్డం నిలబడేది. “మొగని గొంతు ఎండబెడ్తాంది” అని తిట్టిపోయేవాళ్లు. ఆ తిట్లతో, ఆ కాపలాతో మనిషి సగమైంది. చూస్తుంటే నాకే అలసట వచ్చేది.

ఎండాకాలంలో మరిపెడ నుంచి వెంకట్రాజం అక్క చిలుకమ్మ వచ్చింది. నీళ్ల సంగతి, కళ్ల సైగల సంగతి ఆమెకు చెప్పి, ఇంత ఆసరా దొరికిందని లక్ష్మీనర్సమ్మ గోడకు ఆనుకుని కునుకు తీసింది. దగ్గు చప్పుడుకు లేచేసరికి వదినె చేతిలో గ్లాసు ఖాళీగా ఉంది. ఆ సాయంత్రం మొదలైన జ్వరం తగ్గలేదు. వెంకట్రాజం పోయాడు.

“నా చేతి నీళ్లు తాగే పోయిండు నా తమ్ముడు” అని చిలుకమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని ఏడ్చింది. దినాలయ్యాక ఉండబట్టలేక లక్ష్మీనర్సమ్మతో, “మీ వదినెను గట్టిగ అడుగవేందే?” అన్నాను.

“ఏమని అడుగాలె అక్కా? ‘నీళ్లు తాగుతవా తమ్మీ’ అని అడిగిందట. కండ్లు పైకి లేపిండట.”

ఖాళీ మంచాన్ని ఎత్తి గోడకు నిలబెట్టింది.

“సలి పెడ్తాందా, పక్కకు తిప్పాల్నా, అన్నీ అడిగిన. ఆ ఒక్కటి అడుగలే. ఔనంటడని నాకెరుక.”