రేపు మాస్టారు

వీధిలో ఆ టైలర్‌ని అందరూ రేపు మాస్టారు అనేవాళ్లు. ఎవరొచ్చి ఎంతవరకైందని అడిగినా ఆయన నోట ఒకటే మాట: "అయిపోవచ్చింది, రేపు రండి." అప్పటికి గుడ్డకి కత్తెరైనా తగిలి ఉండదు. మోసం చేయాలని కాదు పాపం, ఎదుటివాళ్ల మొహం చిన్నబోతే చూడలేడు. పెళ్లిచూపులకి కూడా మర్నాడొచ్చిన మనిషని భార్య నలుగురిలో ఆటపట్టించేది.

ఒక మధ్యాహ్నం కాజాలు కుడుతుంటే వీపులో రెక్కల మధ్య కత్తి దిగినట్టయింది. గంట తిరక్కుండా మిషన్ తొక్కే పాదాలు చెప్పిన మాట వినడం మానేశాయి. భార్య పక్కింటాయన్ని బతిమాలి కారులో ఆసుపత్రికి చేర్చింది.

డాక్టరమ్మ స్కాన్ చూసి విడమర్చి చెప్పింది. దెబ్బేమీ తగలకుండానే వెన్నుపాము చుట్టూ రక్తం చేరి నొక్కుతోందట. మామూలుగా అయితే వెంటనే ఆపరేషన్ చేసేవాళ్లు. కానీ దారిలోనే కాళ్లు మళ్లీ కదలడం మొదలైంది. ఇలా తేరుకుంటున్న వాళ్లలో కొందరికి ఆ రక్తం దానంతటదే కరిగిపోతుంది, కోత అక్కర్లేదు. అయితే గంటగంటకీ చూసుకోవాలి, ఏమాత్రం వెనక్కి తగ్గినా ఆపరేషన్‌కి ఆగకూడదు.

"ఉన్నదున్నట్టు చెప్పండి మాస్టారూ. మీ మాట మీదే ఆగుతున్నాం," అంది.

మర్నాడు పొద్దున దాకా బాగానే ఉంది. ఆ తర్వాత కాలివేళ్లు కొద్దిగా కదులుతూనే ఉన్నా, మొద్దుబారడం మోకాళ్లు దాటి తొడల్లోకి పాకింది. నర్సు సూదితో గుచ్చి తెలుస్తోందా అని అడిగింది. పక్కనే భార్య, ఊపిరి బిగబట్టి. ఆయన నోట పాత మాటే వచ్చింది. తెలుస్తోందనీ, నిన్నటికంటే నయమనీ చెప్పాడు. భార్య మొహం వెలిగింది. తర్వాతి గంటా అంతే, ఆ తర్వాతా అంతే. రేపటికి ఎలాగూ సర్దుకుంటుందని ఆయన నిజంగానే నమ్మాడు, పిచ్చి మనిషి.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చేసరికి వేళ్లు కూడా కదలడం లేదు. ఆమె సూది తీసి, తెలుస్తోందా అని అడిగింది. పైకప్పు చూస్తూ తెలుస్తోందన్నాడు.

"నేనింకా గుచ్చలేదు," అంది డాక్టరమ్మ.

హడావుడిగా ఆపరేషన్ చేశారు. రక్తం తీశారు గానీ కాళ్లు తిరిగి రాలేదు. చేజారిన గంటల గురించి ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు, అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

ఇంట్లో మంచం మిషన్ పక్కనే వేశారు. భార్య రోజూ ఆయన పాదాలు ఒత్తుతూ ఏమైనా తెలుస్తోందా అని అడిగేది. రేపటికి ఇంకా నయమవుతుందిలే అనేవాడు. ఆ మాట పట్టుకుని ఆవిడ మిషన్‌కి నూనె వేసి, తుడిచి, సిద్ధంగా ఉంచేది.

మూడు నెలల తర్వాత ఒకావిడ తన కూతురి గౌను కోసం వచ్చింది. సగం కుట్టిన గౌను ఇంకా మిషన్ మీదే ఉంది. ఎప్పటికవుతుంది మాస్టారూ అని అడిగింది. రేపు అన్న మాట పెదవి దాకా వచ్చింది. ఆయన మింగేశాడు.

"అవదమ్మా. ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

ముప్పై ఏళ్లలో ఆయన గిరాకీకి చెప్పిన మొదటి నిజం అది. పాదాలు ఒత్తుతున్న భార్య చేతులు ఆగిపోయాయి. ఆ సంగతి ఆయనకి తెలియలేదు.