గంటల పువ్వుకు రెండు షిఫ్టులు

నా చిన్నప్పుడు సూరత్‌లో, నవాగామ్‌లోని మా వరుస గదుల్లో రోజంటే రెండు షిఫ్టులు. మా తాతయ్య మిల్లులో మగ్గాల ముందు పన్నెండు గంటలు నిలబడి వచ్చి, అన్నం పళ్లెం ముందే కునికేవాడు.

పక్కింటి అక్క వాళ్లాయన లారీ డ్రైవరు. ఒకసారి చీరల మూటలతో హిమాలయాల దాకా వెళ్లి, కొండవాగు పక్కన పెరిగిన మొక్కను వేరుతో సహా తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. అంతకుముందు ఆయన ఆమెకు తెచ్చినవన్నీ ఉతకాల్సిన బట్టలే. అది నీలంగా పూసే గంటల పువ్వట. నిలువెత్తు పెరుగుతుందట, ఏటేటా అదే వేరు నుంచి మళ్లీ లేస్తుందట. అక్కడ బంగళా తోటల్లోనూ పెంచుతారట.

అక్క దాన్ని రంగుడబ్బాలో నాటి, ఇరవై రోజులు ఊరికి వెళ్తూ నాకు అప్పగించింది. "జర పైలం చెల్లె. గిది పోతే మా ఆయన మల్ల తెస్తడా?"

నేను బాధ్యతగా షిఫ్టు మారినప్పుడల్లా బకెట్టు నీళ్లు పోశాను. అక్క వచ్చే రోజు పొద్దున చూస్తే కాడ కుళ్లి పక్కకు వాలిపోయింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన తాతయ్య ముందు భోరుమన్నాను.

"మొక్కతోని రెండు షిఫ్టులు చేపిచ్చినవా? మా మిల్లు సేఠే నయం బిడ్డా!" అన్నాడు. నవ్వే ఓపిక కూడా లేదు పాపం. పడుకోవలసినవాడు మళ్లీ చెప్పులేసుకుని వెళ్లి, మిల్లు వెనక కంచె మీద పూసిన శంఖుపువ్వు తీగను వేళ్లతో సహా పెకిలించి తెచ్చి, అదే డబ్బాలో నాటి పుల్ల పాతాడు. "ఇదీ నీలమే గద" అంటూ మట్టిచేతులతోనే గడప దగ్గర ఒరిగిపోయాడు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. తీగను చూసింది. తాతయ్య చేతులను చూసింది.

"అబ్బ, మస్తు పూసింది చెల్లె! మెల్లగ మాట్లాడు, తాత లేస్తడు."

ఏళ్ల తరబడి దానికి నీళ్లు పోసింది. వాళ్లాయన తేడా కనిపెట్టలేదు. ఆయన రోడ్డును తప్ప దేన్నీ సరిగ్గా చూడడు.

నిరుడు కొండల్లో అసలు పువ్వును చూశాను. నా భుజం దాకా నిటారైన కాడ, దాని పొడుగునా నీలం కలిసిన ఊదారంగు గంటలు. తీగ కానే కాదు. అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేసి, ఆనాటి మోసం ఒప్పుకున్నాను.

"శంఖుపువ్వు నాకు దెల్వదానే? ముసలాయన నిద్ర చెడగొట్టుకొని నాటిండు. ఇది అది కాదంటే, ఆ నిద్ర మల్ల ఎవరిస్తరు?"

ఇదేం గొప్ప జీవితసత్యం కాదు. కానీ డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన నాకోసం పెట్టే టీ ఎంత ఘోరంగా ఉన్నా, కప్పు ఖాళీ చేసే ఇస్తున్నాను.