జములమ్మ గొంతుకు దిగివచ్చిన హార్మోనియం

మా తమ్ముడు పెంటయ్య కూతురు తేజస్విని సాధించిన మొదటి గెలుపు డప్పును రికార్డు చేయడం. 2017లో వనపర్తిలో ఒక స్టూడియోవాళ్లు బోనాల పాట మొదలుపెట్టారు. డప్పు మీద దెబ్బ పడగానే మైకులో శబ్దం పగిలిపోతోంది. ముగ్గురు ఇంజనీర్లు చేతులెత్తేశారు. ఆడపిల్లకు ఈ పనేందని నాలుగు స్టూడియోలు తిప్పి పంపిన మా పిల్ల, ఆ ఐదో చోట వైర్లు చుట్టే పనిలో ఉంది. ఆమె బల్మూరుకు ఫోన్ చేసి పదకొండు గొంగళ్లు తెప్పించింది. వాటిని నాలుగు గోడలకూ వేలాడదీసి, మైకును డప్పుకు ఆరడుగుల దూరం జరిపింది. మూడోసారికి పాట శుభ్రంగా వచ్చింది. గొర్రె వాసనకు గాయకుడు ముక్కుతో పాడాడని కొందరన్నారు గానీ, నేను విన్నాను, అదేం లేదు.

మా బల్మూరు నుంచి సౌండ్ ఇంజనీరింగ్ చదివిన మొదటి ఆడపిల్ల ఈమే. మా ఇంట్లో పల్లీ చేను సంగతులే తప్ప పాట సంగతి ఎవరికీ తెలియదు. అలాంటి ఇంటి పిల్ల వనపర్తిలో ఎరువుల దుకాణం మీది రెండు గదుల్లో సొంత స్టూడియో పెట్టి, నాలుగేళ్లలో రెండు వందల పద్నాలుగు పాటలు రికార్డు చేసింది. గణతంత్ర దినోత్సవం నాడు ప్రశంసాపత్రం అందుకుంది. దాని జిరాక్సు మా ఇంట్లోనూ ఉంది, ఎవరొచ్చినా చూడవచ్చు.

ఇన్ని చేసిన పిల్ల ఒక్క తప్పు చేసింది. ఆమెను సంగీతంలోకి దించింది ఆ తప్పే.

2023లో గద్వాల నుంచి జములమ్మ అనే నేతగత్తె స్టూడియోకు వచ్చింది. అరవై ఆరేళ్లు. మగ్గం మీద పాడుకునే పాట ఒకటి పాడింది. గొంతు బాగా కింద ఉంది. పాట ఇంకాస్త వెలగాలని మా పిల్ల కంప్యూటర్లో ఆ గొంతును మూడు మెట్లు పైకి లేపింది. యూట్యూబులో పెడితే మూడు లక్షల మంది విన్నారు. జములమ్మకు ఫోనూ లేదు, ఆమె ఆ పాట విననూ లేదు.

ఆగస్టు ఏడున చేనేత దినోత్సవానికి గద్వాలలో జములమ్మను వేదిక ఎక్కించారు. హార్మోనియం దగ్గర కూర్చున్నాయన యూట్యూబులో విన్న శ్రుతికే వాయించాడు. ముసలామె రెండో చరణం అందుకోలేక ఆగిపోయింది. "పాడింది ఈమె కాదంట" అని జనంలో ఎవరో అననే అన్నారు. ఆమె చెప్పులు కూడా తొడుక్కోకుండా దిగి వెళ్లిపోయింది.

మర్నాడు మా పిల్ల వాళ్లింటికి వెళ్లింది.

"నా గొంతు నీకు చాల్లేదా బిడ్డా?" అంది జములమ్మ, మగ్గం మీంచి తల ఎత్తకుండానే.

"జర మంచిగ చేద్దామనుకున్న అవ్వా."

"మా దగ్గర ఒక్క చీర మీద ఇద్దరం కూసుంటం. గీ కొసకు నేను, గా కొసకు మా కోడలు రేణుక. దారం మోసే నాడె ఎప్పుడిడువాల్నో పాటనే చెప్తది. పైకి పాడితే పక్క మగ్గమోళ్ల లెక్క తప్పుతది. అందుకే కిందికి పాడుతం. ఏందని ఒక్క మాట అడిగినవా?"

"లేదవ్వా. తప్పయింది. మళ్ల పాడవా?"

"నేనెందుకు? నీ డబ్బాల ఉన్న జములమ్మ నాకన్న చిన్నది. దాన్నే పిలుచుకోపోండ్రి."

ఆమె మళ్లీ పది మందిలో పాడుతుందా లేదా అన్నదే అప్పటి నుంచి మా పిల్లకు బెంగ. ముందు ఆ పాటను యూట్యూబు నుంచి తీసేసింది. అసలు గొంతుతో మళ్లీ పెడితే విన్నది నాలుగు వందల మంది. అంత కింది శ్రుతికి వాయించమని అడిగితే ఇద్దరు హార్మోనియం వాళ్లు నవ్వి పంపించారు. దాంతో తానే నేర్చుకుంటానని గద్వాల భజన మండలిలోని మద్దిలేటి దగ్గర చేరింది. ఎనిమిది నెలలు, ప్రతి ఆదివారం వనపర్తి నుంచి బస్సు.

"మెట్లు నొక్కుడు కాదు, తిత్తి సంగతి చూడు బిడ్డా. నీ కంప్యూటర్ ఊపిరి తీసుకోదు, ఇది తీసుకుంటది" అనేవాడు ఆయన.

"ఇంజనీరంటివి, ఇప్పుడు భజన పెట్టె ఏందే?" అని మా తమ్ముడు పరేషాన్ అయ్యాడు.

"పెద్దనాయినా, నువ్వన్న చెప్పు" అంది పిల్ల. నేను చెప్పాను. వాడు వినలేదు. అయినా పెట్టె కొనిచ్చింది వాడే.

2024 ఎండాకాలంలో ఆమె ఆ పెట్టె తీసుకుని జములమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. ఎవరినీ పిలవలేదు, వాయించింది. లోపల మగ్గం నడుస్తూనే ఉంది. కాసేపటికి లోపలి నుంచి మాట వినబడింది.

"ఇంకా కిందికి."

ఒక మెట్టు దించింది.

"ఇంకా."

మరో మెట్టు దించింది.

"ఆ! గక్కడ." మగ్గం ఆగలేదు. పాట మొదలైంది.

అయినా వేదిక ఎక్కడానికి జములమ్మకు ఇంకో ఏడాది పట్టింది. 2025 ఆగస్టు ఏడున, అదే గద్వాలలో, పక్కన మా పిల్ల హార్మోనియం వాయిస్తుంటే ఆమె పాడింది. వెనక నుంచి ఎవడో "గట్టిగ పాడవ్వా!" అని అరిచాడు.

"గట్టిగ వినాల్నంటే దగ్గరికి రా బిడ్డా" అంది జములమ్మ.

జనం నవ్వి, కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. పాట చివరిదాకా సాగింది. నేను మూడో వరుసలో ఉన్నాను.

ఆ తరువాత నాగర్‌కర్నూల్లో రెండు, అచ్చంపేటలో ఒకటి, రాయచూరులో ఒకటి, మొత్తం నాలుగు కచేరీలు చేశారు. స్టూడియో ఇప్పుడు వారానికి మూడు రోజులే తెరుస్తోంది. అడిగిన వాళ్లకు మా పిల్ల "నేను హార్మోనియం వాయిస్త" అనే చెబుతోంది, ఇంజనీరునని చెప్పడం లేదు.

ఈ ఫిబ్రవరిలో కర్ణాటక నేతవాళ్లు పిలిస్తే ఇద్దరూ ఇల్కల్, గుళేదగుడ్డ వైపు వెళ్లారు. ఏ ఊళ్లోనైనా పాడబుద్ధి కాకపోతే ఆ రోజే బస్సెక్కి వచ్చేయాలని బయలుదేరే ముందు జములమ్మ మా పిల్ల చేత మాట తీసుకుంది. ఇప్పటికి ఐదు ఊళ్లు అయ్యాయి, ఆమె బస్సు మాట ఎత్తలేదు. ఇంకా మూడు ఊళ్లు ఉన్నాయి. అవన్నీ పాడి వాళ్లు గద్వాలలో దిగేది 2026 ఫిబ్రవరి 18, బుధవారం.