తడిమట్టిలో ముందు నడిచినవాడు

ఈ సంఘటనను రాసి ఉంచవలసిన అవసరం ఏర్పడింది. మా బంధువుల్లో ఇది ఇప్పటికే రెండు విధాలుగా చెలామణి అవుతోంది. ధూల్‌పేట్‌లో తాగిన భంగు వల్ల మా తమ్ముడి జబ్బు నయమైందని కొందరు, వాడికి పట్టిన దయ్యం ఆనాడు వదిలిందని మరికొందరు చెప్పుకుంటున్నారు. వారిలో ఒక్కరూ అక్కడ లేరు. ఏమీ తాగకుండా, మొదటినుంచి చివరిదాకా కళ్ళారా చూసినవాణ్ణి నేను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కంచన్‌బాగ్‌లోని ఒక సంస్థలో విరిగిన లోహపు ముక్కలను పరిశీలించి, అవి ఎందుకు విరిగాయో తేల్చడం నా ఉద్యోగంగా ఉండేది. కారణం లేకుండా ఏదీ విరగదన్నదే నాకు తెలిసిన శాస్త్రం. 

మా తమ్ముడు సుబ్రహ్మణ్యం, మా అందరికీ సుబ్బు, సైనికుడు. శ్రీలంకకు వెళ్ళిన మన దళాలలో వాడూ ఉన్నాడు. అక్కడ మందుపాతరలు పాతిన దారుల్లో ఒకరి వెనక ఒకరు, ముందువాడి అడుగు పడిన చోటనే అడుగు వేస్తూ నడవాలట. ఒకరోజు ముందు నడవవలసిన వంతు మా తమ్ముడిది. వాడికి జ్వరంగా ఉందని వర్గీస్ అనే స్నేహితుడు ఆ వంతు తాను తీసుకున్నాడు. వర్గీస్ తిరిగి రాలేదు.

తొంభైల మొదట్లో తమ్ముడు భార్యతో, చిన్న కూతురితో మలక్‌పేటలోని మా ఇంటికి చేరాడు. ఒంటి మీద గాయం లేదు. కాని మట్టి మీద కాలు పెట్టలేడు. తారురోడ్డు, సిమెంటు, బండలు, ఇవే వాడి దారి. వాడి కోసం పెరడంతా సిమెంటు చేయించాను. నిమ్మచెట్టు పాదు కూడా పూడ్పించాను. సైనిక ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని మాత్రలిచ్చారు. నిద్ర వచ్చింది, భయం పోలేదు.

ఒకనాడు పార్కులో వాడి కూతురు ఊయల మీదినుంచి పడింది. మోకాలు చీరుకుపోయి ఏడుస్తోంది. వాడు గట్టు మీద నిలబడి చెమటతో తడిసిపోయాడే గాని, మధ్యనున్న ఆ కాస్త మట్టి దాటలేకపోయాడు. ఎవరో పిల్లను ఎత్తుకొచ్చి వాడి చేతికిచ్చారు. ఆ తర్వాత మా మరదలు, వేసవిలోగా మార్పు రాకపోతే పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోతానని నాతో చెప్పింది. నేను ఆమెను తప్పుపట్టలేదు.

అప్పుడు కలిశాడు కిషన్. సైనిక ఆస్పత్రిలో తమ్ముడి పక్క మంచం వాడు. ధూల్‌పేట్‌లో వాళ్ళది వినాయక విగ్రహాలు చేసే కుటుంబం. శివరాత్రినాడు శివుడి ముందు పెట్టిన భంగును ఇంటి పెద్దావిడ చేతి మీదుగా ప్రసాదంగా తీసుకుని, ఆ ఏటి మొదటి మట్టిని కాళ్ళతో తొక్కడం వాళ్ళింటి ఆచారం. తాగినవాణ్ణి ఒంటరిగా వదలరు. మామూలు మనిషి అయ్యేవరకు ఒకరు పక్కనే ఉండాలి. తానూ ఆ విధంగానే తేరుకున్నానని, సుబ్బును కూడా పంపమని కిషన్ అడిగాడు.

మత్తుతో వైద్యమేమిటని నేను మందలించాను. సుబ్బు మాత్రం వెళ్తానన్నాడు. వాడు ఏదైనా కావాలని అడిగి ఏళ్ళు గడిచాయి. అందుకే వెంట వెళ్ళాను.

శివరాత్రి ఉదయం గుమ్మం బయటనే అందరం చెప్పులు విడిచాం. కిషన్ తల్లి ముందు కూడా నా అభ్యంతరం తెలియజేశాను. ఆవిడ నన్ను కిందినుంచి మీదికి చూసింది.

“నిషా కోసం తాగేటోళ్లకు నా ఇంట్ల జాగ లేదు బిడ్డా. ఇది దేవుని ముంగట వెట్టి ఇచ్చేది. నువ్వు తాగకు. నీ మొఖం జూస్తే శివుడే లేచి నిలవడి హాజరు చెప్పేటట్టున్నడు.”

కిషన్ నవ్వాడు. సుబ్బు కూడా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

మిరియాలు, సోంపు వాసన వేస్తున్న పచ్చటి పాలు చిన్న ఇత్తడి గిన్నెలో ఇచ్చి, ఆవిడ వాడి తల మీద చేయి పెట్టింది. వాణ్ణి బండ మీద కూర్చోబెట్టారు. కిషన్ భుజానికి భుజం ఆనించి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా వాకిలి నిండా తడిమట్టి పరిచి, ఇద్దరు ఆడవాళ్ళు చెక్కతో చదును చేసి నీళ్ళు చల్లారు. దాని మీద వేలిముద్ర కూడా లేదు. అవతలి అంచున శివలింగం.

చాలాసేపటికి సుబ్బు ఏడవడం మొదలుపెట్టాడు. వర్గీస్ పేరు పిలిచాడు. ఒళ్ళంతా వణికింది. నేను ఆటో పిలవడానికి లేచాను.

“ఆగన్నా,” అన్నాడు కిషన్. “ఆయన యాడికో పోయిండు. నడుమల గుంజితే ఆడనే ఉండిపోతడు.”

అంతలో సుబ్బు లేచి నిలబడ్డాడు. మట్టి అంచుకు వచ్చాడు.  వాడు కాలు పెట్టాడు! చూపు నేల మీద లేదు. ఎదుట నడిచే మనిషి వీపును చూస్తున్నట్టు ఉంది. ఎదుట ఎవరూ లేరు. అలాగే నెమ్మదిగా నడిచి, లింగం దగ్గర కూర్చుని, స్పష్టంగా పలికాడు.

“అన్నయ్యా, వర్గీస్ ముందు నడిచాడు. నేను వాడి అడుగులోనే అడుగు వేశాను. ఈసారి ఏమీ పేలలేదు.”

అప్పుడు కిందికి చూశాను. మా తమ్ముడి ప్రతి పాదముద్ర చుట్టూ మరో పెద్ద ముద్ర ఉంది. బూటు ముద్ర! మడమ అంచు, బూటు అడుగున ఉండే గాట్లు తేటగా కనిపించాయి. మోకాళ్ళ మీద కూర్చుని గాట్లలో వేలు పెట్టి చూశాను. అంచులు పదునుగా ఉన్నాయి, లోపలికి ఇంకా నీరు ఊరలేదు. చివరన, తమ్ముడు ఆగిన చోటికి ఒక్క అడుగు అవతల, ఒక బూటు ముద్ర విడిగా ఉంది. అందులో పాదం లేదు.

గుమ్మం దగ్గరకు పరుగెత్తాను. అక్కడున్నవన్నీ చెప్పులే. కిషన్ కూడా ముద్రలు చూసి, మట్టిని తాకి కళ్ళకద్దుకున్నాడు. వాళ్ళమ్మ వచ్చి చూసింది గాని, ఆశ్చర్యపోలేదు.

“చూసినవ్ గదా బిడ్డా. ఇగ తొక్కుండ్రి, మట్టి ఆరిపోతది,” అంది.

అందరూ దిగి తొక్కారు. సుబ్బు కూడా తొక్కాడు, పిక్కల దాకా మట్టితో. నా ఆధారం నా కళ్ళ ముందే విగ్రహాల మట్టిలో కలిసిపోయింది.

వేసవి వచ్చేసరికి వాడు పార్కులో కూతురి ఊయల ఊపుతున్నాడు. మరదలు పుట్టింటికి వెళ్ళలేదు. తమ్ముడికి ఇప్పటికీ అప్పుడప్పుడూ పీడకలలు వస్తాయి. భంగు మాత్రం మళ్ళీ ముట్టలేదు, నేను ఎవరికీ సిఫారసు చేయను. ఆ పానీయం భయాన్ని సడలించిందని, పక్కనున్న మనుషులు ధైర్యమిచ్చారని ఒక వైద్యుడు నాకు వివరించాడు. ఒప్పుకున్నాను. కాని ఆయన వివరణ మా తమ్ముడికి సరిపోతుంది, మట్టికి సరిపోదు. తాగినవాడు వాడు, చూసినవాణ్ణి నేను.

నాకు నేటికీ కారణం దొరకలేదు. సైనికుల నడక గురించి గాని, ధూల్‌పేట్ ఆచారం గురించి గాని నేను పొరపాటుగా రాసి ఉంటే తెలిసినవారు దిద్దవలసిందిగా కోరుతున్నాను. అవి వట్టి పాదాల ముద్రలేనని, నా కళ్ళే మోసపోయాయని వాదించదలచినవారు మాత్రం, ముందు ఒక్కసారి తడిమట్టిలో నడిచి చూసి ఆపైన రాయవలసిందిగా మనవి.