వదిన పెట్టెలోని చిలకల చీర

నా నోరు మంచిది కాదని ఎమ్మిగనూరులో మా వీధంతా అనుకునేది. అనుకోనీ. మగ్గం ఆగితే పొయ్యి ఆరిపోయే ఇంట్లో మంచి నోరు పెట్టుకుని ఏం చేసుకోను?

డెబ్బైల చివర్లో ఒక వానకు మా అటక కారింది. చిలకల అంచు నేసే అట్టలన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కో అట్టకు కొట్టిన బెజ్జాలను బట్టి మగ్గం మీద ఏ పోగు లేవాలో తేలుతుంది. రెండు వందల అట్టలు వరుసగా కుట్టి ఉంటేనే చిలక చిలకలా వస్తుంది. గంజి పట్టించిన కుట్టుదారాన్ని ఎలుకలు తినేశాయి, సిరాతో వేసిన నంబర్లు నీళ్లకు కొట్టుకుపోయాయి. అట్టలు మిగిలాయి, వరుస పోయింది. మా చీరలు కొనే ఆదోని సావుకారేమో ఆ అంచు తప్ప ఇంకేదీ తేవద్దన్నాడు.

ఆ అట్టలు కొట్టింది మా వదిన మొగుడు. వదిన అంటే మా ఆయన అక్క. మొగుడు పోయాక అట్టల మూటతో మా ఇంటికి వచ్చింది. అట్టలు మగ్గం ఎక్కాయి, ఆమె పెరటి కొట్టంలో పడింది. విధవ మగ్గం దగ్గరికి రాకూడదు, పొద్దున్నే నేతగాడికి ఎదురుపడకూడదు. ఆ కట్టుబాటు నేను పెట్టింది కాదు. కానీ మా ఇంట్లో దాన్ని నా అంత గట్టిగా పట్టుకున్నవాళ్లు లేరు.

మా ఆయన అట్టలు ఎండబెట్టి, సంచిలో వేసుకుని, ఆదోనిలో అట్టలు కొట్టే సాయిబు దగ్గరికి పోయాడు.

"అట్టలకేం కాలేదప్పా. వరుస కావాలంటే వీటితో నేసిన గుడ్డ తే. పోగు పోగూ ఊడదీసి సూడాల," అన్నాడట సాయిబు.

మేం నేసినవన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి. మిగిలింది ఒక్కటే. పెళ్లికని వదినకు ఆమె మొగుడు తన చేత్తో నేసిన చీర, ఆమె ట్రంకుపెట్టెలో.

నేనే అడిగాను. అడగడమేముంది, పెట్టె తెరిచాను.

"వద్దు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా, దాన్ని కోయొద్దు," అని వదిన ఏడ్చింది. "ఒక్కసారి ఆ అట్టలు నా ముందర పెట్టండి. నేను..."

"నువ్వు ముట్టేదా? ఉండేది కూడా మునిగిపోవాలనా?" అన్నాను. "ముండమోసినదానికి చిలకల చీర ఎందుకు? యాడికి కట్టుకుపోతావు?"

మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కత్తెర నేనే పట్టాను. గట్టి నేత, రెండుసార్లు జారింది. అంచు పొడుగునా కోసేదాకా వదల్లేదు.

పదిరోజులకు సాయిబు అట్టలు కుట్టించి పంపాడు. మొదటి జానెడు నేసేసరికి చిలక ముక్కు వీపు మీదికి వచ్చింది. మా ఆయన తల బాదుకున్నాడు. పెరటి వాకిట్లోంచి వదిన గొంతు వినిపించింది.

"ముక్కు కాడ నాలుగట్టలు ఎనకాముందూ అయినాయి తమ్ముడా."

"నీకెట్ల తెలుసక్కా?"

"ఆయన కొడతాంటే వరుసగా కుట్టినదాన్ని నేనే. ఏటేటా దారం మార్చినదాన్నీ నేనే. బెజ్జాలు తడిమితే సాలు, ఏది ఏదో తెలుస్తాది. ఆ పొద్దు సెప్పబోతిని, మీరు సెప్పనిస్తే గదా."

మా ఆయన ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి మగ్గం పక్కన కూర్చోబెట్టాడు. అపశకునం సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు, నాకు కూడా. ఒక్క పూటలో అట్టలన్నీ తడిమి, తప్పినవాటిని వరుసకు తెచ్చి పెట్టింది. సిగ్గుతో చచ్చాననుకుంటారేమో. లేదు, సావుకారికి చీరలు అందుతాయి కదా అనుకున్నాను.

సిగ్గు తరువాత వచ్చింది. మొదటి చీర మగ్గం దిగగానే మడిచి ఆమె ఒళ్లో పెట్టాను.

"ఇదీ అదే అంచు వదినా. ఇది తీసుకో," అన్నాను.

ఆమె చిలకలను ఒక్కొక్కటిగా తడిమింది. ఒక్క తప్పు లేదు. మళ్లీ మడత చెడకుండా నా చేతుల్లో పెట్టింది.

"ఇది నీ మొగుడు నేసింది," అంది. "అది నా మొగుడు నేసింది."